తారు లేని దారి

వెంకటాచలంలో తెల్లవారుజామున కోడి కూసినా వినబడదు. నెల్లూరు దాటి చెన్నై వైపు పోయే పదహారో నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకునే సాగుతుంది. రాత్రంతా లారీలు, ట్రెయిలర్లు, కృష్ణపట్నం రేవుకి పోయే కంటెయినర్లు. ఒకటి పోయింది కదా, ఇక కాసేపు నిశ్శబ్దం అనుకునేలోగా ఇంకోటి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి మొదటి రాత్రి కంటి మీద కునుకుండదు. ఊళ్లోవాళ్లకేమో ఆ మోత ఆగితేనే మెలకువ వస్తుంది!

2023 మాఘమాసంలో ఓ రోజు, ఇంకా చుక్కలుండగానే, ఆ ఊళ్లో ఓ ఇంటి వెనక తలుపు తెరుచుకుంది. 62 ఏళ్ల పెద్దాయన ఒకరు పాత సైకిలు ముందు చక్రాన్ని గడపకి తగలకుండా పైకెత్తి బయటికి దించాడు. క్యారియరు మీద దుప్పటి, టిఫిన్ గిన్నె, గాలి పంపు కట్టి ఉన్నాయి. హ్యాండిలుకి రెండు నీళ్ల సీసాలు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అంది.

"పెద్దరోడ్డు ఎక్కనని చెప్పి పో."

"ఎక్కను."

"దాటేటప్పుడు?"

"దాటే పనే లేదు. మన ఇల్లు పడమటి పక్కనే గదా!"

ఆమె తలూపింది. ఆయన చెరువు కట్ట దారి పట్టాడు. రహదారి మోత కొంతదూరం వెంటాడింది. తర్వాత పలచబడింది. ఆ తర్వాత చక్రాల కింద గ్రావెల్ నలిగే చప్పుడొక్కటే మిగిలింది.

ఎక్కడికా ప్రయాణం? వెలికొండల కిందికి. పెంచలకోనకి. నెల్లూరు నుంచి బస్సు దారిలో సుమారు 80 కిలోమీటర్లు, రెండు మూడు గంటల పని. ఆయన మాత్రం వాహనాల జోలికి పోకుండా కాలువ గట్ల మీదా, బండిబాటల మీదా, తోటల మధ్య నుంచీ పోవాలనుకున్నాడు. పోవడానికే రెండు రోజులు పడుతుందని లెక్క వేసుకున్నాడు. ఈ వయసులో ఇదేం ముచ్చట అని ఊళ్లో కొందరు నవ్వారు. ఆ ముచ్చట వెనక ఏముందో ఆ ఇంట్లోని ఇద్దరికే తెలుసు.

కంకర మీద బతుకు

ఆయన అసలు పేరు ఊళ్లో చాలామందికి తెలీదు. కీమ్యానన్న అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. రైల్వేలో కీమ్యాన్‌గా చేసి 2021లో రిటైరయ్యాడు. కీమ్యాన్ ఉద్యోగమంటే నడక. తన వాటాకి వచ్చిన ఆరేడు కిలోమీటర్ల లైను పొడవునా రోజూ నడవాలి. భుజాన సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే బిగింపులు ఎక్కడ వదులయ్యాయో, పట్టా ఎక్కడ చిట్లిందో చూసుకుంటూ పోవాలి. పోయేటప్పుడు ఒక పట్టా, తిరిగొచ్చేటప్పుడు రెండో పట్టా. కాళ్ల కింద ఎప్పుడూ కంకరే. కళ్లు ఎంత పనిచేస్తాయో చెవులూ అంతే పనిచేయాలి. సుత్తి దెబ్బకి పట్టా పలికే తీరులోనే దాని ఆరోగ్యం తెలిసిపోతుందంటాడు.

డ్యూటీకి పోవడానికీ రావడానికీ సైకిలే. 1984లో కొన్న అట్లాస్. రెండేళ్లకి పెళ్లయింది. ఆ వైశాఖంలో పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకి కొత్త పెళ్లాన్ని క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారిలో పొదలకూరు దగ్గర మేనత్త ఇంట్లో రాత్రి మజిలీ. అప్పట్లో వాళ్లు పోయిన దారిలో సగానికి పైగా గ్రావెల్. మిగతాది గతుకుల తారు. ఎదురొచ్చేవి ఎడ్లబండ్లు, ఎప్పుడన్నా ఓ ఎర్రబస్సు. క్యారియరు మీద కూర్చున్న మనిషి దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. ముందున్న మనిషికి ఒక్క మాటా పొల్లుపోకుండా వినబడింది. చిన్నప్పుడు ఆమె తప్పిపోయిన సంగతి, బడి మానేసిన సంగతి, నల్ల మేకపిల్ల సంగతి... అన్నీ ఆ రెండు రోజుల్లోనే ఆయనకి తెలిశాయి.

తర్వాత కాలం మారింది. రహదారి స్వర్ణ చతుర్భుజిలో భాగమై నాలుగు వరుసలైంది. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. ఊరికి పనులొచ్చాయి. నెల్లూరు దగ్గరైంది. భూముల ధరలు పెరిగాయి. అదంతా మంచికే. కానీ ఆ రోడ్డు మీద సైకిలుకి చోటు లేకుండా పోయింది.

2011లో ఓ సాయంత్రం. భార్యని క్యారియరు మీద ఎక్కించుకుని కూరగాయల సంచీతో ఇంటికి వస్తున్నాడు. వెనక నుంచి ఓ లారీ మరీ దగ్గరగా దూసుకుపోయింది. తగల్లేదు. దాని గాలి చాలింది. హ్యాండిలు చేతుల్లోనే మెలి తిరిగింది. ఆయనో పక్క, ఆమెో పక్క. టమాటాలు రోడ్డంతా దొర్లాయి. ఆమె ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. లారీ ఆగలేదు. వెనక ఇద్దరు మనుషులు పడ్డారన్న సంగతి దాన్ని తోలేవాడికి తెలిసుండదు కూడా.

చెయ్యి అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. ఆమె మళ్లీ సైకిలెక్కలేదు. ఆయన్నీ ఎక్కనివ్వలేదు. అట్లాస్ సైకిలు కొట్టంలో దూలానికి వేలాడింది. ఒకటి కాదు, రెండు కాదు... పన్నెండేళ్లు!

బెంగళూరు నుంచి వీడియో

వాళ్లబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో కలిసి నంది హిల్స్ వైపు సైకిలు తొక్కుతాడు. 2022 చివర్లో ఓ రోజు తండ్రికి వీడియో పంపించాడు. ఎక్కడో విదేశంలో అడవి మధ్య మట్టిదారి. హెల్మెట్లు పెట్టుకుని, ఒళ్లంతా దుమ్ముతో వందలమంది సైకిళ్లు తొక్కుతున్నారు. కనుచూపు మేరలో ఒక్క కారు లేదు.

"ఏందిరా ఇది? వాళ్ల రోడ్డు పాడైపోయిందా?"

"కాదు నాయనా. కావాలనే అట్టా పోతారు. దీన్ని గ్రావెల్ బైకింగ్ అంటారు."

"గ్రావెల్ మీద సైకిలు తొక్కేదానికి పేరొకటా! మరి ముప్పై ఏళ్లు నేను జేసిందేంది?"

నవ్వులాటకి అన్నా అందులో నిజముంది. మన పల్లెల్లో పాలవాళ్లు, పోస్టుమ్యాన్లు, పంతుళ్లు రోజూ చేసిన పనే ఇవాళ లోకంలో పెద్ద ఆట. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న పట్టణంలో 2006లో ముప్పై మంది పైచిలుకు కలిసి 200 మైళ్ల గ్రావెల్ పందెం మొదలుపెట్టారు. ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్ గ్రావెల్. ఏటా వేలమంది వచ్చిపడతారు. ఇటలీలోని టస్కనీలో తెల్లమట్టి దారులు తారు కిందికి పోకుండా కాపాడుకోవాలని 1997లో ఎరోయికా అనే సైకిలు యాత్ర పుట్టింది. పాతకాలపు సైకిళ్ల మీద రావాలన్నది అక్కడి నియమం. 2022 అక్టోబరులో ఆ దేశంలోనే గ్రావెల్ సైక్లింగ్‌కి మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. వీళ్లలో చాలామందిని తారు వదిలి మట్టి పట్టేలా చేసింది ఒక్కటే... కార్ల భయం! కాన్సాస్ అయినా వెంకటాచలం అయినా సైకిలు మీద కూర్చున్న మనిషి వీపుకి తగిలే గాలి ఒక్కటే కదా.

అలాంటి సైకిలు ఒకటి కొనిస్తానన్నాడు కొడుకు. ధర విని ఆయన ఫోను పెట్టేశాడు. మర్నాడు తనే చేశాడు.

"దాని టైరు ఎంత వెడల్పురా?"

"నలభై మిల్లీమీటర్లు నాయనా. రేసు సైకిలుకైతే ఇరవై అయిదో, ఇరవై ఎనిమిదో ఉంటాది. గ్రావెల్‌కి అది చాలదు. వెడల్పు టైరు, తక్కువ గాలి ఉండాల."

ఆయన కొట్టంలోకి పోయి దూలానికి వేలాడుతున్న అట్లాస్‌ని కిందికి దించాడు. రబ్బరు బీటలు వారింది గానీ అచ్చు అక్షరాలు చెరిగిపోలేదు. 28 × 1½. ఒకటిన్నర అంగుళమంటే 38 మిల్లీమీటర్లు! గాలి పట్టి ఉబ్బితే దాదాపు నలభై!

ఇందులో వింతేమీ లేదు. మన తాతల కాలం సైకిలు తారు రోడ్ల కోసం పుట్టింది కాదు. వెడల్పు టైర్లు, పొడవాటి ఫ్రేము, ముందుకు వాలిన ఫోర్కు... అన్నీ గతుకుల దారుల కోసం చేసినవే. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ అలాంటి సైకిళ్లనే ఊరూరికీ చేర్చింది. 2020 జూన్ 3న సాహిబాబాద్‌లోని చివరి ఫ్యాక్టరీ మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం ఓ విచిత్రం.

మరి తేడా ఎక్కడ? గేర్లలో, బ్రేకుల్లో. గ్రావెల్ బైకుకి కొండలెక్కే గేర్లుంటాయి. డిస్కు బ్రేకులుంటాయి. అట్లాస్‌కి ఉన్నది ఒక్కటే గేరు, రాడ్ బ్రేకులు. కొడుకు ఆ మాటే అంటే తండ్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"ఎక్కలేని చోట దిగి తోస్తా. జారేచోటా దిగే తోస్తా. నాకేమన్నా పందెమా!"

కొత్త టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను వేయించాడు. సీటు పాతదే ఉంచాడు.

గట్టు నేర్పిన పాఠాలు

భార్యని ఒప్పించడానికి నెల పట్టింది. చివరికి ఆమె ఒక్క షరతు పెట్టింది. పెద్దరోడ్డు మొహం చూడకూడదు. టిప్పర్లు తిరిగే రోడ్డు కూడా పెద్దరోడ్డు కిందే లెక్క. ఆయన సరేనన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, లారీ తిరగని దారి వెతుక్కోవడం అంత తేలికా? సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే అదే పని. కనుపూరు కాలువ గట్టు ఓ రోజు. గొలగమూడి వైపు పొలాల బాట ఓ రోజు. కసుమూరు దర్గా వైపు తోటల దారి ఓ రోజు. ఎక్కడ బాట తెగిపోతుందో, ఎక్కడ కంచె అడ్డమొస్తుందో ఓ పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసుకున్నాడు.

నెల్లూరు సీమలో గ్రావెల్ అన్నది పరాయి మాటగా ఎవరికీ తోచదు. ఇల్లు కట్టినా, గుంత పూడ్చినా, కట్ట వేసినా ముందు గ్రావెల్ తోలించాల్సిందే. ఎర్రటి గులకమట్టి. దానికి ఓ గుణముంది. ఇక్కడ వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వానలకి నానిన గ్రావెల్ జనవరి, ఫిబ్రవరి నాటికి ఆరి గట్టిపడుతుంది. సైకిలుకి అదే అదును. ఎండలు ముదిరాయా, మట్టి దుమ్మై లేచిపోయి గులకరాళ్లు గోళీల్లా తేలతాయి. అప్పుడు చక్రం నిలవదు.

గ్రావెల్ మీద తొక్కడం తారు మీద తొక్కినట్టు కాదు. గాలి నిండుగా ఉంటే టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడుతుంది. కాస్త తగ్గిస్తే రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. హ్యాండిలుని బిగించి పట్టకూడదు. మోచేతులు వదులుగా ఉండాలి. ముందు చక్రాన్ని చూస్తూ తొక్కకూడదు, పది గజాల ముందుకి చూడాలి. ఇసుక తగిలితే తొక్కుడు ఆపకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. వాలులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, ఇక అంతే సంగతులు! ఆయన ఈ పాఠాలన్నీ రెండు మూడు సార్లు కిందపడి మళ్లీ నేర్చుకున్నాడు. మోకాలు దోక్కుపోయిన రోజున పంచె కిందికి లాక్కుని ఇంట్లోకి పోయాడు. భార్య చూసింది. ఏమీ అనలేదు. కొబ్బరినూనె సీసా తెచ్చి పక్కన పెట్టింది.

ఆయనకి పాత విద్య ఒకటి అక్కరకొచ్చింది. చెవి! గట్టి గ్రావెల్ మీద టైరు చప్పుడు ఒక రకం. వదులు గ్రావెల్ మీద ఒక రకం. కింద ఇసుక ఉంటే అసలు చప్పుడే తగ్గిపోతుంది. వెనక లారీ లేదు కాబట్టే ఇవన్నీ వినబడతాయి.

అభ్రకం మెరిసే నేల

బయల్దేరిన రోజు పొద్దెక్కేసరికి ఆయన పచ్చటి వరిమళ్లు దాటాడు. కాలువ గట్టు మీద కొంగలు తప్ప ఎదురొచ్చినవాళ్లు లేరు. పడమటికి పోయేకొద్దీ నేల మెల్లగా లేస్తుంది. నల్లమట్టి ఎర్రబడుతుంది. వరి పోయి నిమ్మతోటలు వస్తాయి. పొదలకూరు చుట్టుపక్కల నిమ్మ పూసే రోజుల్లో గాలే తీపెక్కుతుంది. బస్సు కిటికీలోంచి ఆ వాసన క్షణం సేపే తగులుతుంది. సైకిలు మీద అరగంట సేపు వెంట వస్తుంది.

ఓ మలుపులో ట్రాఫిక్ జామ్! రెండు వందల గొర్రెలు దారికి అడ్డంగా. పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రెలు. తెల్లటివి పల్ల, మొహాన నల్లమచ్చలున్నవి జోడిపి, ఎర్రటివి దొర. ఆయన సైకిలు దిగి నిలబడ్డాడు. గొర్రెల కాపరి తొందరపడలేదు. ఆయనా తొందరపడలేదు. ఇద్దరూ వానల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఆ రోజు మొత్తమ్మీద ఆయన్ని ఆపిన వాహనాలు అవే.

రాత్రి మజిలీ 1986లో ఆగిన ఇంట్లోనే. మేనత్త లేదు. బావ ఉన్నాడు. "ఒక్కడివే వచ్చినావేంది? చెల్లెమ్మ ఏది?" అన్నాడు. జవాబు చెప్పడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

రెండో రోజు దారిలో అక్కడక్కడా నేల మెరిసింది. గాజుపెంకులేమో అని వంగి చూస్తే అభ్రకం రేకులు. గూడూరు, సైదాపురం, పొదలకూరు, రాపూరు... ఇదంతా ఒకప్పుడు పేరుమోసిన అభ్రకం సీమ. ఇక్కడి ఆకుపచ్చ ఛాయ అభ్రకం దేశదేశాలకీ పోయింది. ఆయన ఓ రేకు తీసి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి కండలేరు జలాశయం కట్ట కనబడింది. దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందంతో కృష్ణానీళ్లు సోమశిల మీదుగా ఇక్కడికి చేరి, ఇక్కణ్నుంచి కాలువలో తమిళనాడుకి పోతాయి. 1996లో మొదటిసారి చెన్నైకి చేరాయి. ఆయన ఊరి పక్క రహదారి మీద లారీ మూడు నాలుగు గంటల్లో చెన్నై చేరుతుంది. నీళ్లు మాత్రం తమ దారిన, తమ నడకన పోతాయి.

మజ్జిగ పోసిన మనిషి

కట్ట దాటాక, కొండలు నీలం నుంచి ఆకుపచ్చకి మారే చోట, ఓ చిన్న పల్లె. మంచినీళ్లు అడిగితే ఓ ఇల్లాలు మజ్జిగ పోసింది.

"ఏం పెద్దాయనా, బస్సుకి డబ్బుల్లేవా?"

"ఉండాయమ్మా. ఈ దారి బాగుండాదని ఇట్టా వచ్చినా."

ఆమె గ్లాసు అందుకోబోతూ ఆగింది. "బాగుండాదా? ఇదా?"

తర్వాత ఆమె చెప్పింది. నాలుగేళ్ల కిందట కార్తీకంలో కూతురికి నొప్పులొచ్చాయి. మూడు రోజులుగా వాన. 108కి ఫోను చేస్తే బండి తారు రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ఈ గ్రావెల్ బురదలో చక్రాలు దిగబడతాయని. పిల్లని మంచం మీద మోసుకుపోయారు. దారిలోనే కాన్పయింది. తల్లీబిడ్డా దక్కారు. అదిగో, అరుగు మీద బొంగరంతో ఆడుకుంటున్నవాడు వాడే.

"నీకు తెలిసినోళ్లెవురన్నా ఉంటే చెప్పు పెద్దాయనా. మా ఊరికి తారెయ్యమని."

ఆయన దగ్గర మాట లేదు. రెండు రోజులుగా తనకి సుఖమిచ్చిన దారి ఈమెకి కష్టం పెట్టిన దారి. లారీ రాలేదని తను సంబరపడ్డాడు. అంబులెన్సు రాలేదని ఈమె ఏడ్చింది. దారి ఒక్కటే. మరి తారు పడితే అంబులెన్సు ఒక్కటే వస్తుందా? దాని వెనకే టిప్పర్లూ వస్తాయి. రావద్దని అనడానికి తనెవరు? సైకిలు మీద వచ్చి, మజ్జిగ తాగి, రేపు వెళ్లిపోయే మనిషి.

ఆ ఆలోచన రాపూరు దాకా ఆయన్ని వదల్లేదు. ఊరు దాటాక కొండ వైపు పోతున్న గూడ్సు రైలు కనబడింది. ఆ లైను ఆయనకి బాగా ఎరుక. ఓబులవారిపల్లె నుంచి ఈ కొండల్ని దాటి నేరుగా వెంకటాచలం చేరే కొత్త లైను. రాపూరు, చెర్లోపల్లి స్టేషన్ల మధ్య వెలికొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు వెంకటాచలంలో దాన్ని జాతికి అంకితం చేశారు. విద్యుదీకరించిన రైలు సొరంగాల్లో దేశంలోకెల్లా పొడవైనదని ఆనాడు చెప్పారు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సుకి ఆ కొండ పది నిమిషాల చీకటి. అంతే.

రైలు పోయాక ఆయన చూపు పట్టాల పక్కకి పోయింది. కంకర గుట్ట అంచున సన్నటి మట్టిబాట. రైల్వేవాళ్లు దాన్ని సెస్ అంటారు. రైలు ఎంత పెద్దదైనా, ఎంత వేగంగా పోయేదైనా పట్టాల పక్కన మనిషి నడవడానికి కాస్త జాగా వదిలిపెడతారు. రైలుకి దాంతో పనిలేదు. కానీ అది లేకపోతే పట్టాని చూసుకునే మనిషి లేడు. ముప్పై ఏళ్లు ఆయన బతుకు ఆ జానెడు బాట మీదే సాగింది.

ఆ ఇల్లాలికి చెప్పాల్సిన జవాబు అప్పుడు తట్టింది. తారు పడాల్సిందే. అంబులెన్సు గుమ్మం దాకా రావాల్సిందే. దాని పక్కన ఒక గజం గ్రావెల్ మెల్లగా పోయేవాళ్లకి వదిలితే చాలు. బడికి పోయే పిల్లకి, పాల క్యానుతో వచ్చే ముసలాయనకి, క్యారియరు మీద మనిషిని కూర్చోబెట్టుకున్న వాడికి. రైలుకి చేతనైన మర్యాద రోడ్డుకి చేతకాదా?

కొండ కింద

సాయంత్రం కొండల అంచున ఓ అడవి బాట ఊరించింది. రెండు పక్కలా ఎర్రచందనం చెట్లు, వెదురు పొదలు. నున్నటి గ్రావెల్. వంద గజాలు పోయాడో లేదో అటవీ సిబ్బంది ఒకరు ఎదురొచ్చి చెయ్యెత్తారు. ఇది 1997లో ఏర్పాటైన పెనుశిల నరసింహ అభయారణ్యం. అనుమతి లేనిదే లోపలికి పోకూడదు. పైగా దక్షిణాది తూర్పు కనుమల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని ఎర్రచందనం ఉన్న అడవి. కొత్త మనిషి కనబడితే అడగాల్సిందే.

"ఇంతవరకే పెద్దాయనా. ఎలుగులుండాయి, చిరుతలుండాయి. పొద్దుగూకే లోపల కోనకి చేరుకో."

ఆయన వాదించలేదు. మనిషికి ఒక గజం వదలమనేవాడు అడవికి దాని జాగా వదలొద్దూ? సైకిలు వెనక్కి తిప్పేముందు కాసేపు నిలబడ్డాడు. ఎక్కడో నెమలి అరిచింది. కముజు పిట్ట ఒకటి పొదలోంచి పొదలోకి ఉరికింది. ఎండుటాకు రాలిన చప్పుడు కూడా వినబడింది. పన్నెండేళ్లుగా తను వినకుండా పోయింది ఇదే అనిపించింది.

పెంచలకోన చేరేసరికి దీపాలు పెట్టారు. నరసింహస్వామి, చెంచులక్ష్మి పెనవేసుకున్న శిల కాబట్టి పెనుశిల అయిందని స్థలపురాణం. అప్పుడు ఇద్దరూ కలిసి దండం పెట్టిన చోట ఆయన ఒక్కడే దండం పెట్టాడు. కుంకుమ పొట్లం కట్టించుకున్నాడు.

కట్ట దాకా

నాలుగో రోజు సాయంత్రం ఇల్లు చేరాడు. ఎర్రమట్టి కొట్టుకుపోయిన మనిషిని చూసి ఆమె మొదట అడిగింది అదే.

"పెద్దరోడ్డు ఎక్కలేదుగా?"

"ఎక్కలా."

కుంకుమ పొట్లం, అభ్రకం రేకు ఆమె చేతిలో పెట్టాడు. గొర్రెల సంగతి, మజ్జిగ పోసిన ఇల్లాలి సంగతి, బావ అడిగిన మాట... అన్నీ చెప్పాడు. ఆమె వింటూ ఎడమ మణికట్టు నిమురుకుంది. బావకి ఏం జవాబు చెప్పావని మాత్రం అడగలేదు.

ఫాల్గుణంలో ఓ తెల్లవారుజామున ఆయన మామూలుగానే సైకిలు బయటికి దించాడు. ఆమె వెనకే వచ్చింది. చేతిలో నాలుగు మడతలు వేసిన పాత దుప్పటి. దాన్ని క్యారియరు మీద వేసి, తాడుతో తనే కట్టింది.

"కట్ట దాకే" అంది.

ఆయన ఏమీ అనలేదు. సైకిలు వంచి పట్టుకున్నాడు. మొదట్లో ఆమె రెండు చేతులూ సీటు స్ప్రింగుల్ని బిగించి పట్టుకున్నాయి. రహదారి మోత వెనకబడింది. కట్ట మీదికి ఎక్కారు. నీటి మీద ఇంకా మంచు ఉంది. కాసేపటికి ఒక చెయ్యి వదులైంది. కాసేపటికి మాటలు మొదలయ్యాయి. పక్కింటి వాళ్ల పెళ్లి, కొడుకు ఫోను, చిన్నప్పటి నల్ల మేకపిల్ల...

ఒక్కటీ పొల్లుపోలేదు. అన్నీ వినబడుతున్నాయి.

కట్ట చివరికి రాగానే ఆయన బ్రేకు మీద చెయ్యి వేశాడు.

"ఆపినావేం?" అంది వెనక నుంచి. "కాలువ గట్టు ఆ పక్కనే గదా!"